కూజా అడుగున మిగిలింది

దోస్త పుట్టినప్పుడు వాళ్ల నాన్న పొలంలో దున్నుతున్నాడు. కబురు తెచ్చిన పొరుగావిడ ముఖం చూసి, నాగలి ఆపకుండానే, "మళ్లీ ఆడపిల్లేనా?" అని అడిగాడు. ఆవిడ తల ఊపింది. "అయితే దోస్త అని పేరు పెట్టండి," అని ఎద్దుల్ని అదిలించాడు. ఆ కొండ ఊళ్ల మాటలో దోస్త అంటే 'ఇక చాలు' అని. అప్పటికే ఆరుగురు ఆడపిల్లలున్న ఇంట్లో దేవుడికి పెట్టుకున్న విన్నపం అది. దేవుడు విన్నాడో లేదో గానీ, పిల్ల మాత్రం ఎవరు పిలిచినా 'చాలు' అనిపించుకుంటూనే పెరిగింది.

ఆరుగురు అక్కల తర్వాత పుట్టినదానికి ఏం మిగులుతుంది? ఆరో అక్క విడిచేసిన పావడా, అయిదో అక్క తొక్కి అరగదీసిన చెప్పులు, చిక్కుడుగింజల పులుసు కుండలో అడుగు. కుండ అడుగే రుచిగా ఉంటుందని దోస్త అందరితో వాదించేది. దొరికినదాన్ని మెచ్చుకోవడం అలాంటి ఇళ్లలో పిల్లలకి చిన్నప్పుడే వచ్చేస్తుంది. పెళ్లిలోనూ అంతే. అక్కల పెళ్లిళ్లు ఒక్కొక్కటే అయ్యేసరికి ఆమెకి ఇరవై నాలుగు నిండాయి. ఆ వయసు పిల్లకి ఆ రోజుల్లో వచ్చే సంబంధం ఒకటే, భార్య పోయినవాడు. జోవిక్ ఊరి నుంచి తాపీమేస్త్రి నౌమ్ సంబంధం వచ్చింది.

నౌమ్ మొదటి భార్య బిసెర పంతొమ్మిదేళ్ల పిల్ల. నల్లేరు నది అవతల గరీష్ట ఊరి ఆడపడుచు, పెట్కాన అనే విధవరాలికి ఒక్కగానొక్క కూతురు. పెళ్లయిన రెండో ఏడు ఆడపిల్లని కని, మూడు నెలలు పాలిచ్చి, జనవరి నెలలో మశూచితో పోయింది. ఆ చలికాలం జోవిక్‌లో మశూచి ఇల్లిల్లూ తిరిగింది. బిసెర పోయిన రోజునే, ఊరి పైన అడవిలో బొగ్గులు కాల్చుకునేవాడి భార్య రుమెన కూడా పోయింది. ఆమెదీ ఇంచుమించు అదే వయసు. నేల గడ్డకట్టి గునపం దిగకపోతే, మంట వేసి కరిగించి, పక్కపక్కనే రెండు గోతులు తవ్వి, ఒకే పూట ఇద్దర్నీ దించారు. పాదిరి గబగబా ప్రార్థన చదివి, ఇంకో ఇంట్లో ప్రాణం పోతోందంటే అటు పరిగెత్తాడు. గోతులు పూడ్చడం, సిలువలు పాతడం చర్చిలో గంట కొట్టే స్పాసె చూసుకున్నాడు.

బిసెరని దించుతున్నప్పుడు తనవాళ్లంటూ ఒక్కరూ లేరు. అత్త త్రేన అదే మశూచితో మంచం మీద ఉంది. మొగుడు స్తంబోలు పట్నంలో ఏదో పెద్దాయన మేడ కడుతూ ఆ ఏడు చలికాలానికి ఇంటికే రాలేదు. నల్లేరు మీద వంతెన మంచుగడ్డలు తగిలి కొట్టుకుపోయింది కాబట్టి కన్నతల్లి కూడా అందుకోలేకపోయింది. ఏ ఇంట్లోనైనా చచ్చినదాని తల పక్కన కూర్చుని, పేరు పెట్టి పిలుస్తూ, దాని బతుకంతా ఏకరువు పెడుతూ ఏడవాల్సింది కన్నతల్లే. ఆ ఏడుపు లేకుండా మట్టిలోకి వెళ్లిన పిల్ల అక్కడ దారి తెలియక తిరుగుతుందని అందరూ అనుకుంటారు. మళ్లీ వంతెన వేశాక, నలభయ్యో రోజుకి పెట్కాన వచ్చింది. సిలువ చూపించమంది. ఆ సిలువ కింద ఒరిగి, మధ్యాహ్నం మొదలుపెట్టిన ఏడుపు సాయంత్రం గొంతు పూర్తిగా పోయేదాకా ఏడ్చింది. ఆ రోజు దుఃఖానికి గుర్తుగా తలగుడ్డ తిరగేసి కట్టుకుంది. మళ్లీ దాన్ని సరిగ్గా కట్టుకున్నది ఎవరూ చూడలేదు.

నౌమ్‌కి కబురు ఏప్రిల్‌లో అందింది. ఆ రోజు నుంచి లెక్కపెట్టుకుని నలభై రోజులు గడ్డం గీయలేదు. ఊళ్లో దుఃఖం నలభై రోజులు దాటి ఎప్పుడో పాతబడింది, స్తంబోలులో అతనిది కొత్తగా మొదలైంది. శరదృతువులో ఇంటికొచ్చేసరికి కూతురు నెవెన మేకపాలతోనూ, ఇరుగుపొరుగు తల్లుల జాలితోనూ పాకుతూ ఉంది. చూపు మందగించిన త్రేన, "నా వల్ల కాదురా అబ్బాయ్," అని చేతులెత్తేసింది. అందుకని క్రిస్మసు ఉపవాసాలకి ముందే పెళ్లి అనుకున్నారు. ఏడాది తిరగడానికి ఇంకా రెండు నెలలుంది.

రెండో భార్యగా వచ్చే పిల్ల పెళ్లికి ముందు రోజు పొద్దున ఎర్ర ద్రాక్షారసం కూజా పట్టుకుని మొదటి భార్య సమాధికి వెళ్లి, సిలువ ఆకారంలో పోసి, 'అక్కా' అని పిలిచి, సెలవు అడగాలి. ఆ పైన చచ్చినదాని తల్లి 'క్షమించాను' అనాలి. అప్పటినుంచి ఆవిడ ఈ పిల్లకీ తల్లే. త్రేన తోవలో అంతా చెప్పి తీసుకెళ్లింది.

"ఏడవకు. అలాగని నవ్వకు. పోసి, నీ చోటికి వస్తున్నానక్కా, కోపం పెట్టుకోకు అను. అంతే. బిసెర వాళ్లమ్మ గరీష్టలో ఉంటుంది, ఇప్పుడు రాదులే."

వచ్చి కూర్చుని ఉంది పెట్కాన. ఎవరు చెప్పారో గానీ తెల్లవారకముందే బయల్దేరి, మూడు గంటల దారి నడిచి వచ్చి, సమాధికి అడ్డంగా కూర్చుంది. దోస్త కూజా ఎత్తి, "అక్కా..." అంది.

"ఎవరే నీకు అక్క?"

దోస్త చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏడాదన్నా తిరగలేదు. మట్టి ఇంకా కిందికి దిగలేదు. దాని దుప్పట్లో దాని వాసనన్నా పోయిందో లేదో, అప్పుడే దులిపి కొత్తదానికి పరుస్తున్నారు!"

"వదినా, కోప్పడకు," అంది త్రేన. "చంటిదాన్ని చూడు. మేకపాలు తాగి ఎన్నాళ్లని బతుకుతుంది?"

"పెళ్లి మానుకోమన్నానా నేను? చేసుకోండి. మగాడు కదా, మీ అబ్బాయికి చలేస్తుంది. కానీ ఒక్క మాట. నేను నోరారా క్షమించాననేదాకా ఈ పిల్ల చెయ్యి నా కూతురి సమాధి మీద పడకూడదు. చుక్క కూడా పోయకూడదు."

"అలాగేనమ్మా," అంది దోస్త.

"అమ్మా ఏంటి, అమ్మా? నేను కన్నది ఒక్కదాన్నే."

ఇక ఉండి లాభం లేదని త్రేన కాబోయే కోడలి చెయ్యి పట్టుకుని లాగింది. కానీ దోస్త కదల్లేదు, కూజా వైపు చూస్తోంది. చచ్చినవాళ్ల కోసం తెచ్చింది ఇంటికి తిరిగి తీసుకెళ్లకూడదు. కూజా నిండుగా గడప దాటి లోపలికొస్తే ఇంకో చావుని పిలిచినట్టేనని అక్కడ చంటిపిల్లలకి కూడా తెలుసు. నేలపాలు చేయడమూ తప్పే. దోస్త చుట్టూ చూసింది. పక్కనే ఇంకో సమాధి. సిలువ ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. కరిగిన కొవ్వొత్తి మరక కూడా లేదు. గడ్డి మోకాలెత్తు పెరిగింది.

"అత్తా, ఇదెవరిది?"

"రుమెనదే. బొగ్గులవాడి పెళ్లాం. పాపం, వాడు నలభయ్యో రోజుకైనా ఆగకుండా మూటా ముల్లే సర్దుకుని ఎటో పోయాడు. దిక్కూ మొక్కూ లేదు."

"ఈవిడకి పోస్తే తప్పా?"

"తప్పేముందే? పోసెయ్."

దోస్త ఆ గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుంది. కూజా అంతా సిలువ ఆకారంలో నిదానంగా పోసింది. పోస్తూ, పెట్కానకి వినపడదులే అనుకుని, వినపడేలాగే అంది: "రుమెనమ్మా, నువ్వు మా అక్క పక్కనే ఉన్నావు. నాకు ఆమెతో మాట్లాడే వీల్లేదు. నేను దోస్తనని, చంటిదాన్ని నేను చూసుకుంటానని, నా మీద కోపం పెట్టుకోవద్దని నువ్వే కాస్త చెప్పు."

త్రేన తలగుడ్డ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పెట్కాన ముఖం తిప్పేసుకుంది. మర్నాడు పెళ్లి అయిపోయింది. దోస్త నెవెనని చంకనేసుకుంది, మళ్లీ దించలేదనే చెప్పాలి.

ఏడాదికి నాలుగైదు ఆత్మల శనివారాలొస్తాయి. ఆ రోజుల్లో ఊరి ఆడవాళ్లంతా ఉడికించిన గోధుమలు, రొట్టె, కొవ్వొత్తులు, ద్రాక్షారసం పట్టుకుని సమాధుల దొడ్డికి వెళ్తారు. ఎవరి వాళ్ల దగ్గర వాళ్లు కూర్చుని, ఇంటి సంగతులన్నీ చెప్పుకుంటూ ఏడుస్తారు. ఎవరి ఆవు ఈనిందో, ఎవరి కోడలు ఎదురుచెప్పిందో చచ్చినవాళ్లకి తెలిసినంత బాగా బతికున్నవాళ్లకి తెలియదు. నౌమ్ ఇంటి నుంచి దోస్త అన్నీ సిద్ధం చేసి తెచ్చేది. గోధుమలు చితకకుండా, మెత్తగా, ఒక్కో గింజ విడివిడిగా ఉడికించడంలో ఆమెకి ఆమే సాటి. పైన అక్రోటు పలుకులు, తేనె. పెట్కాన గరీష్ట నుంచి నడిచొచ్చేది. దోస్త చేతిలోంచి కూజా లాక్కుని, సిలువ కింద తనే పోసుకుని, అడుగున రెండు గుటకలుండగా, ముఖం చూడకుండా తిరిగిచ్చేది. గోధుమల గిన్నె కూడా అంతే, గరిటెడు మిగిల్చి ఇచ్చేది.

ఆ మిగిలింది ఇంటికి తీసుకెళ్లకూడదు. దోస్త రెండడుగులు పక్కకి జరిగి, రుమెన సమాధి మీద పోసేది, గోధుమలు చల్లేది, చివర్న వెలిగించిన కొవ్వొత్తి ముక్క అక్కడ గుచ్చేది. మొదట్లో ఆచారం కోసమే చేసింది. పోనుపోను దానికి అలవాటుపడింది. పెట్కాన రాని రోజుల్లో కూడా ఇచ్చిన మాట తప్పలేదు, బిసెర సిలువని ముట్టుకోలేదు. రుమెన దగ్గర కూర్చుని, అక్కడి నుంచే అటు తిరిగి, "అక్కా, నీ కూతురికి పన్ను ఊడింది... అక్కా, నీ కూతురు అచ్చం నీలాగే మొండిదని అత్త అంటోంది," అని చెప్పేది. గడ్డి పీకింది. ఒరిగిన సిలువని రాళ్లు పెట్టి నిలబెట్టింది. నాలుగో ఏడు రెండు సబ్జా మొక్కలు నాటింది.

ఆ మొక్కల వాసనకో ఏమో, నెవెనకి కూడా ఆ సమాధే ఇష్టం. పెద్దవాళ్లు ఏడుస్తున్నంతసేపూ దాని మీద కాళ్లు చాపుకుని కూర్చుని, గోధుమలు ఒక్కొక్కటే ఏరుకుని తినేది. పెట్కానకి ఒళ్లు మండేది.

"దిగవే! పరాయిదాని గుండెల మీద కూర్చుంటావా? మీ అమ్మ ఇక్కడుండగా!"

"ఇక్కడే బాగుంది అమ్మమ్మా."

ఒకసారి చెంప మీద ఒక్కటిచ్చి ఇవతలికి లాగింది. పిల్ల ఏడ్చి, ఆవిడ కళ్లు గప్పి మళ్లీ అక్కడికే పోయింది. ఆ కోపం దోస్త మీద చూపించింది పెట్కాన.

"నీ పెంపకం! నా కూతురి నోటి దగ్గరిది తీసుకెళ్లి దారిన పోయేదానికి పోస్తావు. పైలోకంలో అది గిన్నె పట్టుకుని నిలబడి ఉంటుంది, తెలుసా? ప్రతి చుక్కకీ ఎదురుచూస్తుంటుంది."

"అడుగేగా అమ్మా నేను పోసేది. ఈవిడా గిన్నె పట్టుకునే ఉంటుంది కదా. అందరి గిన్నెలూ నిండుతుంటే ఊరికే చూస్తూ నిలబడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అడుగు తిని పెరిగినదాన్ని."

"అమ్మా అనొద్దన్నానా?"

"మర్చిపోయానమ్మా," అంది దోస్త. పక్కన నలుగురు ఆడవాళ్లు నవ్వారు గానీ, దోస్తకి నవ్వు రాలేదు. ఆ ఒక్క మాట, క్షమించాననే మాట, లేకుండా ఆమె ఆ ఇంట్లో ఆరేళ్లు కాపురం చేసింది. కడుపు పండలేదు. అది బిసెర కోపమేనని చెవులు కొరుక్కున్నారు. అటు తల్లి ఒప్పుకోలేదు, ఇటు సవతి ఒప్పుకోలేదు, ఎవరింట్లో ఉంటున్నట్టు ఈవిడ అని ఒకావిడ బావి దగ్గర అననే అంది. అలాంటి రోజుల్లో దోస్త ఇంటికొచ్చి నెవెన తల దువ్వేది. అవసరం లేకపోయినా రెండు మూడుసార్లు జడ విప్పి అల్లేది.

ఏడో ఏడు వచ్చింది. ఏడేళ్లకి సమాధి తవ్వి, ఎముకలు పైకి తీసి, ద్రాక్షారసంతో కడిగి, తెల్లగుడ్డలో కట్టి, పాదిరి చేత ప్రార్థన చెప్పించి మళ్లీ అక్కడే పెడతారు. దాంతో ఆ మనిషి కోసం ఏడ్చే బాధ్యత తీరుతుంది. ఎముకలు మైనంలా పసుపు పచ్చగా వస్తే ఆత్మకి శాంతి దొరికినట్టు. నల్లగా వస్తే ఎవరిదో ఉసురు తగిలినట్టు. పెంతెకొస్తు పండగకి ముందు శనివారం ముహూర్తం అనుకున్నారు. ఈస్టరు నాడు ఎర్రగుడ్లు పట్టుకుని వచ్చిన పెట్కాన, నౌమ్ ఇంటి గుమ్మంలో నిలబడే చెప్పింది.

"నల్లగా వచ్చాయంటే, ఈ ఇంట్లో నా కూతురికి శాంతి లేనట్టే. పిల్లని నేను తీసుకుపోతాను. నా రక్తం నా దగ్గర పెరుగుతుంది."

నౌమ్ మర్నాడే స్తంబోలు ప్రయాణం. బలమైనవాడు, రాయిని ఎటు కొడితే ఎటు పగులుతుందో తెలిసినవాడు. అత్తగారి మాటకి మాత్రం నేల చూపులు చూశాడు. రాత్రి భోజనం దగ్గర దోస్త, "నువ్వేమంటావు?" అని అడిగితే, "ఇవన్నీ ఆడవాళ్ల ఆచారాలు, నేనేమనను?" అన్నాడు. అని, సుత్తీ ఉలీ సర్దుకుని వెళ్లిపోయాడు. ఏడు వారాలు దోస్తకి తిండి సయించలేదు. తను ఏం తప్పు చేసిందని ఎముకలు నల్లబడాలో ఆమెకి తెలియదు. తెలియని తప్పులే ఎక్కువ భయపెడతాయి.

ఆ శనివారం పొద్దున పెట్కాన కంచరగాడిద మీద వచ్చింది. జీను వెనకాల ఇంకో చిన్న దుప్పటి మడతపెట్టి కట్టి ఉంది. దోస్త దాన్ని చూసింది. నెవెన కూడా చూసింది.

"నేను వెళ్లాలా అమ్మా?"

"ముందు మొహం కడుక్కో," అంది దోస్త.

సమాధుల దొడ్డిలో ఊరి ఆడవాళ్లు అప్పటికే గుమిగూడారు. ముసలివాడైపోయిన స్పాసె తవ్వాడు. నడుం లోతు దిగాక గునపం పక్కన పెట్టి చేతులతో మట్టి తీశాడు. పెట్కాన గోతిలోకి దిగింది. దోస్త గట్టు మీద, కూజా గుండెలకి హత్తుకుని, నెవెనని పావడాకి ఆనించుకుని నిలబడింది. ముందు తల బయటికి రావాలి. పెట్కాన మట్టిలోకి చేతులు పెట్టి, పసిబిడ్డని ఎత్తినట్టు ఎత్తింది.

పసుపు పచ్చగా, కొత్త మైనంలా ఉంది.

"ప్రభువా!" అంది పాదిరి పక్కనున్న ఆవిడ. అందరూ ఒక్కసారి సిలువ వేసుకున్నారు. దోస్త నెవెన భుజం పట్టుకుంది. పెట్కాన ఆ తలని ముద్దుపెట్టుకుని, ఒళ్లో పెట్టుకుని, ఏడేళ్లుగా దాచుకున్నదంతా చెప్పుకుంటూ ఏడుపు అందుకుంది. "నా ముత్యమా, నీ పెళ్లి పెట్టె ఇంకా తాళం వేసే ఉందే, నీ ఉన్నికోటు చిమ్మట్లు తినేశాయే, నువ్వు నన్ను పూడ్చాల్సిందానివి, నేను నిన్ను తవ్వుతున్నానే..." ఆ గొంతు విని చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా భోరుమన్నారు. ఏడుస్తూనే పెట్కాన చెయ్యి చాపింది, దోస్త కూజా అందించింది. ఈసారి పిసినారితనం లేదు. ధారగా పోస్తూ, వేళ్లతో మట్టి తుడుస్తూ కడిగింది. నుదురు, కళ్లగుంటలు, దవడ. దవడ దగ్గర ఆవిడ వేళ్లు ఆగాయి. ఏడుపు కూడా ఆగింది.

"పన్నేదీ?"

ఎవరికీ అర్థం కాలేదు.

"మా అమ్మాయికి ముందు పన్ను సగం విరిగి ఉండాలి. ఎనిమిదేళ్లప్పుడు అక్రోటు కాయ కొరికి విరగ్గొట్టుకుంది. వీటిలో ఒక్కటి కూడా విరగలేదు. చూడండి!"

"పైలోకంలో బాగుచేసి ఉంటారు వదినా," అంది పాదిరి పక్కనున్న ఆవిడ.

"నీ బుర్ర బాగుచేయించుకో!" అని కసిరింది పెట్కాన. మట్టిలో చెయ్యి పెట్టి వెతికింది. కూతురు తలలో పెట్టుకునే వెండి దువ్వెన లేదు. నీలం పూసల దండ లేదు. దొరికింది ఒక రాగి ఉంగరం, పేదవాళ్లు పెట్టుకునేది. "ఇది నా కూతురు కాదు," అంది పెట్కాన. ఆ మాట విని గట్టు మీదున్న తలలన్నీ దోస్త వైపు తిరిగాయి. సిలువల దగ్గర ఏళ్ల తరబడి తచ్చాడింది ఎవరు? పక్క సిలువని పీకి పాతింది ఎవరు? సవతి కాకపోతే ఇంకెవరు? పైకి ఒక్కరే అన్నారు గానీ అందరి కళ్లలోనూ అదే ఉంది.

"నేను నిలబెట్టానంతే," అంది దోస్త. "రాళ్లు పెట్టి నిలబెట్టాను. చోటు మార్చలేదమ్మా. నెవెన మీద ఒట్టు."

అప్పుడు స్పాసె టోపీ తీశాడు.

"ఆ పిల్లనేం అనకండి. పాపం నాది. ఆ రోజు చలికి వేళ్లు కొయ్యబారాయి. తవ్వినవాడికి గోతికో గిన్నె రకియా సారా ఇస్తారు కదా, రెండు గోతులు, రెండు గిన్నెలు తాగాను. చదవడం నాకెక్కడొచ్చు? ఈ సిలువ కుడివైపుదానికి, ఆ సిలువ ఎడమవైపుదానికి అని చెప్పి పాదిరిగారు పరిగెత్తారు. ఆయన తలవైపు నిలబడి చెప్పారో, కాళ్లవైపు నిలబడి చెప్పారో... నేను నాకు తోచిన కుడివైపు పాతేశాను తల్లీ."

ఒళ్లో ఉన్న తలని పెట్కాన మెల్లగా తెల్లగుడ్డ మీద పెట్టింది. గోతిలోంచి తనే పైకెక్కింది, ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. రెండడుగులు వేసి సబ్జా మొక్కల దగ్గర ఆగింది. "తవ్వు," అంది.

స్పాసె గునపం ఎత్తాడు. దోస్త అడ్డమొచ్చి, సబ్జా మొక్కల్ని వేళ్లతో సహా మట్టిగడ్డతో తీసి పక్కన పెట్టింది. ఈసారి తవ్వడానికి చాలాసేపు పట్టినట్టు అనిపించింది అందరికీ. పెట్కాన మళ్లీ దిగింది. ముందు వెండి దువ్వెన దొరికింది. ఆ తర్వాత తల. అదీ మైనంలా పసుపు పచ్చగానే ఉంది. పై వరసలో ముందు పన్ను సగానికి విరిగి ఉంది.

పెట్కాన ఏడవలేదు. ఆ విరిగిన పన్ను మీద బొటనవేలు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. పాదిరి దగ్గి, ప్రార్థన మొదలుపెట్టాలా అని చూశాడు. ఆవిడ అతని వైపు చూడనేలేదు.

"ఏమే," అంది చివరికి, తలెత్తకుండా. "పిల్ల కూర్చునేది ఈ మట్టి మీదేనా?"

"అవునమ్మా."

"దిగమని కొట్టాను దాన్ని."

దోస్త నెవెనని దగ్గరికి లాక్కుంది.

"పెళ్లికి ముందు రోజు కూజా నిండా తెచ్చావు. నేను పోయనివ్వలేదు. అదెక్కడ పోశావు?"

"ఇక్కడేనమ్మా."

పెట్కాన పక్క గోతి వైపు చూసింది. ఏడేళ్లు తను నడిచొచ్చిన దారంతా, చించుకున్న గొంతంతా, ధారలు పోసిన కూజాలన్నీ అక్కడున్నాయి, ముక్కూ ముఖం తెలియని రుమెన దగ్గర. కూతురి కోసం దాచి దాచి, ఒక్క చుక్క పరాయిదానికి పోనివ్వనని పోట్లాడింది. తను పోట్లాడి ఆపబోయింది కూతురి నోటికి అందిన ఆ కాసిన్ని చుక్కల్నే. ఒంగి, కూతురి నుదుటికి తన నుదురు ఆనించింది.

"కూజా ఇటు తే. కడగాలి."

"అయిపోయిందమ్మా. అంతా ఆవిడకే సరిపోయింది. అడుగున ఏదో మిగిలింది. ఉండు, ఇంటికి పరిగెత్తి నిండా తెస్తాను..."

"వద్దు." పెట్కాన తలెత్తింది. తిరగేసి కట్టుకున్న తలగుడ్డ కింద ఆవిడ ముఖం మట్టిమయమై ఉంది. "ఆ అడుగుదే పోసెయ్. నీ చేత్తో. దానికి అదే అలవాటు."

దోస్త గోతిలోకి దిగింది. పెట్కాన ఆ తలని రెండు చేతులతో పట్టుకుంటే, "అక్కా," అంటూ కూజా వంచింది. ఎవరే నీకు అక్క అని ఈసారి ఎవరూ అడగలేదు.

సాయంత్రం కంచరగాడిద మీద పెట్కాన ఒక్కతే నల్లేరు దాటింది. జీను వెనకాల దుప్పటి మడత విప్పకుండా అలాగే ఉంది.